లైన్ క్లియరెన్స్ కాడ లొల్లి: మానేసుడా, మాట్లాడుడా?

తమ్మీ, నువ్వు రాసింది రెండుసార్లు చదివిన. జడ్చర్ల కాడ పోలేపల్లిల ఒక ట్యాబ్లెట్ల కంపెనీల ప్యాకింగ్ షిఫ్ట్ చూస్తున్నవ్, క్యూఏ సార్, అంటే క్వాలిటీ చూసేటాయన, లైన్ క్లియరెన్స్‌కు (కొత్త మందు ఎక్కించేముందు పాతది ఏం మిగల్లేదని లైన్ చూసి సంతకం పెట్టుడు) లేటుగ వస్తడు, గంటకు గంట లైన్ ఆగుతది, టార్గెట్ పోతది, మళ్ళ పొద్దుగాల మీటింగ్‌ల ఆయననే అందరి ముందట "ప్యాకింగోళ్ళకు లైన్ తుడుసుడు గూడ రాదు" అన్నడు, మూడు నెలల సంది మీ ఇద్దరికి మాటల్లేవు. ఇంట్ల ఓపిక పట్టు బిడ్డా అంటున్నరు, దోస్తులేమో నడుమల పెద్దమనిషిని పెట్టు, మేనేజర్‌కు మెయిల్ కొట్టు లేకుంటే మానెయ్ అంటున్నరు. ఏం చెయ్యాలె అని అడిగినవ్.

నాది మిర్యాలగూడ దిక్కు. 19 ఏండ్లు కృష్ణ ఒడ్డున సిమెంట్ ప్లాంట్లల్ల చేసిన, తర్వాత ఏడేండ్లు మీ దిక్కే ఒక ఫార్మా యూనిట్‌ల మెయింటెనెన్స్ చూసిన. ఈ 26 ఏండ్లల్ల కొట్లాటలు మస్తు చూసిన, సగం నేనే పెట్టుకున్న. కాబట్టి సుద్దులు చెప్త అనుకోకు, తిన్న దెబ్బలు చెప్త.

ముందుగాల ఒక మాట. నువ్వు రాసినదాంట్ల రెండు పద్దులున్నయి, నువ్వు రెంటిని ఒక్క లెక్కల రాసుకున్నవ్. లైన్ ఆగుతున్నదనేది ఒక పద్దు. నలుగురి ముందట ఇజ్జత్ తీసిండనేది ఇంకో పద్దు. మొదటిది పని, రెండోది మనసు. ఈ రెంటిని కలిపి మాట్లాడబోతే రెండూ తెగవు. నువ్వు లైన్ గురించి నోరు తెరువంగనే ఆయనకు నీ కోపమే ఇనబడ్తది, పని ఇనబడదు.

నా కథ చెప్త, జర పొడుగు ఉంటది, ఓపికతోటి చదువు.

సిమెంట్ ప్లాంట్‌ల కిల్న్ అంటే పండవెట్టిన పెద్ద ఇనుప గొట్టం అనుకో, మెల్లగ తిరుగుతుంటది, మంట కాడ సరుకు 1450 డిగ్రీల దాక కాలుతది, కాలి గోళీల లెక్క బయటికొచ్చేదాన్ని క్లింకర్ అంటరు. అది సక్కగ కాలిందా లేదా అని ల్యాబ్‌ల ఫ్రీ లైమ్, అంటే కలువకుంట మిగిలిన సున్నం, చూస్తరు. ఎక్కువొస్తే రెండు మాటలు. ఒకటి, కంట్రోల్ రూంల కూసున్నోడు సరిగ కాలుస్తలేడు. రెండు, లోపలికి పంపే సరుకే సక్కగ కలపలేదు, అంటే అది ల్యాబోళ్ళ మీదికి పోతది. ఇగ చూస్కో, నేను కంట్రోల్ రూంల, ఇంకొకాయన ల్యాబ్‌ల. రాత్రి రెండు గంటలకు ఫోన్ వస్తుండె, "ఏం కాలుస్తున్నవయ్యా, మళ్ళ ఎక్కువొచ్చింది" అని. నేను "నువ్వు కలిపిన సరుకు అట్లున్నది, నేనేం మంత్రం ఎయ్యాల్నా" అని ఫోన్ పెట్టేస్తుంటి. ఇట్ల ఏడాది నడిచింది. లాగ్‌బుక్‌ల గూడ కొట్లాడినం, ఆయన రాసిన లైన్ కింద నేను గీత గొట్టి నాది రాసుడు, చిన్నపోరల లెక్క. ఒక రాత్రి నేను ఫోన్‌ల అనరాని మాట అన్న, పని ముచ్చటల వాళ్ళ నాయినను తెచ్చిన.

మా షిఫ్ట్ ఇంచార్జి పాతకాలపు మనిషి, పదో తరగతి దాక చదివిండు. అందరం అనుకున్నం ఇద్దరిని కూసోబెట్టి పంచాయితీ చెప్తడని. చెప్పలే. "ఇయ్యాల శాంపిల్ తెచ్చే పిలగాడు రాలే, మీరిద్దరు పోయి పట్కరాండ్రి" అన్నడు. పిలగాడు వచ్చిండు, ఆడనే కూసోని చాయ తాగుతున్నడు, అది మాకూ కనబడ్తున్నది. ఏమనస్తది ఇగ, ఇద్దరం చేతులకు గ్లౌజులేసుకోని, మొఖాలు చెరో దిక్కు పెట్టుకోని క్లింకర్ సల్లారే కూలర్ కాడికి పోయినం. క్లింకర్ పట్టినం, అది కాలుతుంటే సల్లారబెట్టినం, ల్యాబ్‌కు నడిచినం, ఆయన నూరిండు, పరీక్ష చేసిండు, నంబర్ వచ్చింది. నేను గోడ మీద గడియారం చూసిన. ఆ క్లింకర్ మంట కాడికెళ్ళి కదిలి గంట దాటింది. ఈ గంటల నేను సీట్ల ఉంటే మంటకు పంపే బొగ్గు రెండుసార్లు మార్చేటోణ్ణి!

అంటే ఏడాది సంది ఏం జరుగుతున్నదంటే, ఆయన గంట కింద దించిన గంజు మెతుకు పట్టి చూసి చెప్తున్నడు, నేను ఇప్పుడు పొయ్యి మీదున్న ఎసరు గురించి ఇంటున్న. ఇద్దరం నిజమే చెప్తున్నం, ఇద్దరం వేరే వేరే అన్నం గురించి. ఆ దినం సంది ఫోన్‌ల ఆయన మొదటి మాట నంబర్ కాదు, టైం. "ఒంటిగంట పది శాంపిల్, ఇంత వచ్చింది" అంటడు, నేను ఒంటిగంట కంటే ముందు బొగ్గు ఎంత, సరుకు ఎంత పంపిన్నో చూసుకుంట. కొత్త మిషన్ రాలే, కొత్త మనిషి రాలే, ఫోన్ మాట వరుస మారింది గంతే. పదిహేను రోజులల్ల రాత్రి ఫోన్ల లొల్లి సగానికి సగం పడిపోయింది.

దోస్తులమైనమా అంటే కాలే. వాళ్ళ నాయిన మాట ఆయన మర్చిపోలే, ఎందుకు మర్చిపోతడు. నేను కొన్ని నెలలకు ఒక్కణ్ణే పోయి తప్పయింది అని చెప్పిన, ఆయన "సరే" అన్నడు, ఒక్కటే మాట, మొఖం గూడ ఎత్తలే. కానీ నంబర్ మాత్రం టైంకు వస్తుండె. అందుకే పద్దులు రెండు అన్న, ఒకటి తెగింది, ఇంకోటి సగమే తెగింది, అయినా పని నడిచింది.

ఇప్పుడు నీ లైన్ కాడికి వద్దాం.

లైన్ క్లియరెన్స్ ఎందుకు పెట్టిండ్రో నీకు తెల్వనిది కాదు, కానీ కోపంల మనిషి తెలిసింది గూడ మర్చిపోతడు. కిందటి ప్రాడక్ట్ గోళీ ఒక్కటి కన్వేయర్ కింద మిగిలినా, పాత కార్టన్ ఒక్కటి మూలకు పడి ఉన్నా, అది ఇంకో మందు డబ్బాల పోయి ఏ ముసలాయన చేతులనో పడ్తది. బీపీ గోళీ అనుకోని షుగర్ గోళీ మింగుడు అన్నట్టు. దానికోసమే ప్రొడక్షన్ వేరు, క్వాలిటీ వేరు, ఒకరి కింద ఒకరు ఉండొద్దు అని మందుల తయారీకి సర్కారు పెట్టిన షెడ్యూల్ ఎం రూల్సే చెప్తున్నయి. అంటే మీ ఇద్దరి నడుమ గుంజులాట కావాల్ననే పెట్టింది తమ్మీ. నువ్వు ఉరుకమంటవ్, ఆయన ఆగమంటడు. ఆయన నీతోటి ఎన్నడూ కొట్లాడకుంట, అడిగినప్పుడల్లా వచ్చి సంతకం పెట్టిపోతే అప్పుడు భయపడాలె.

ఇంకోటి, నీ పోస్టుల కింద చిన్నగ రాసినవ్, ఆ మీటింగ్ ముందటి దినం క్లియరెన్స్‌ల మీ లైన్ మీద పాత గోళీ ఒకటి దొరికిందని. అది నువ్వు చిన్నగ రాసినవ్ గానీ నాకు పెద్దగ కనబడ్డది. ఆయన అన్న తీరు తప్పు, అన్న విషయం తప్పు కాదు. మాట్లాడేటందుకు పోయినప్పుడు మొదటి మాట అదే కావాలె, "ఆ గోళీ మా తప్పే సార్" అని. ఎదుటోడు కొట్లాటకు తయారై కూసుంటడు, నువ్వు ముందే ఒప్పుకుంటే ఆయన చేతుల కట్టె ఉత్తగనే ఉంటది. దీన్ని తగ్గుడు అంటరు మనోళ్ళు, అననియ్.

మాట్లాడేటందుకు పోయేముందు లెక్క తెచ్చుకో. "మీరు ఎప్పుడూ లేటే" అంటే అది లెక్క కాదు, తిట్టు. పది రోజులయి చూడు: లైన్ తుడుసుడు ఎప్పుడు అయిపోయింది, ఫోన్ ఎప్పుడు చేసినవ్, ఆయన ఎప్పుడొచ్చిండు, సంతకం ఎప్పుడైంది, ఏమన్న దొరికిందా. కానీ ఒకటి, దీనికోసం జేబుల చిన్న నోట్‌బుక్ పెట్టుకోని షాప్ ఫ్లోర్ మీద రాసుకోకు! జీఎంపీ ఏరియాల, అంటే మందుల తయారీ రూల్స్ నడిచే జాగల, అట్లాంటి చిట్టీ ఆడిటర్ చేతికి దొరికితే మీ ఇద్దరి లొల్లి కాదు, కంపెనీ లొల్లి అయితది, డేటా ఇంటెగ్రిటీ, అంటే రికార్డులు నమ్మేటట్టు లేవు, అని పెద్ద అబ్జర్వేషన్ రాస్తడు. నేనున్నప్పుడు ఒక ఫిట్టర్ చేతి మీద పెన్నుతోటి టెంపరేచర్ రాసుకున్నడని గంట సేపు విచారణ జరిగింది. నీకు కావాల్సిన టైములు దాదాపు అన్నీ బీపీఆర్ అనే బ్యాచ్ రికార్డుల, ఎక్విప్‌మెంట్ లాగ్‌బుక్‌ల ఉంటయి, మీ ఇంచార్జికి చెప్పి షిఫ్ట్ అయినంక ఆడికెళ్ళి చూడు. ఫోన్ టైం ఒక్కటే ఆడ ఉండదు, అది నీ ఫోన్‌లనో ఇంటర్‌కమ్ కాడనో చూస్కోవాలె.

నాకు అనుమానం ఏందంటే, చూసినంక నీకు ఇట్ల కనబడ్తది: ఆ సార్‌ది ఒక్క లైన్ కాదు, షిఫ్ట్‌ల మూడో నాలుగో లైన్లకు ఆయనొక్కడే ఉండొచ్చు, అందరు ఒకటేసారి, తిన్నంక, మధ్యాహ్నం ఛేంజోవర్ (లైన్ మీద మందు మార్చుడు) పెట్టుకుంటున్నరు. నాలుగు ఫోన్లు ఒకటేసారి మోగితే ఏ లైన్‌కు పోవాలె ఆయన? నోరు గట్టిగున్నోని లైన్‌కు పోతడు. నీ నోరు మూడు నెలల సంది బందున్నది. మా ఫార్మా యూనిట్‌ల ఇది చూసినం, క్యూఏ పిల్ల ఏడ్సుకుంట నడిచేది కారిడార్‌ల, అటు తిడ్తరు ఇటు తిడ్తరు, ఆమె ఎవ్వరితోటి కొట్లాడలే, ఆమె కాడ ఉన్నవి రెండే కాళ్ళు. ఒకవేళ నీ లెక్కల ఇది కాకుంట, నీ లైన్ ఒక్కదానికే లేటొస్తున్నడని తేలితే అప్పుడు వేరే ముచ్చట, అది గూడ కింద చెప్త.

ఇగ మాట్లాడుడు. యాడ మాట్లాడాలె అనేదే సగం పని. లైన్ మీద కాదు, ఆపరేటర్లు చూస్తుంటరు, ఇద్దరికి ఇజ్జత్ అడ్డమొస్తది. మీటింగ్‌ల అసలే కాదు. కంపెనీ బస్సుల గూడ వద్దు, జడ్చర్ల నుంచి పాలమూరు పోయేలోపల ముచ్చట బస్సంత పాకుతది. షిఫ్ట్ మారే ముందు కాదు, అప్పుడు ఇద్దరికి బ్యాగు మీద మనసుంటది. క్యాంటీన్ ఖాళీగున్నప్పుడు, ముందుగాల చెప్పి: "సార్, రేపు ఒక పది నిమిషాలు కావాలె, ఛేంజోవర్ టైం గురించి, ఒక ఉపాయం ఉన్నది మీరు చూసి చెప్పాలె." గంతే రాయి. "మనం ఒకసారి మాట్లాడుకోవాలె" అని రాయకు, దానికి రాత్రంత నిద్ర పట్టదు ఆయనకు, పొద్దునకల్ల వకీలు లెక్క తయారై వస్తడు.

కూసున్నంక గోళీ తప్పు ఒప్పుకో, తర్వాత లెక్క చూపియ్, చూపిచ్చి నీ ఉపాయం చెప్పకుంట ముందు ఆయనను అడుగు, "మీకు యాడ కష్టమైతున్నది సార్" అని. అడిగి నోరు మూస్కో. ఇది చెప్పుడు అల్కగ, చేసుడు కష్టం, నాకు ఇప్పటికీ రాదు, మా ఇంటామెను అడుగు. ఆయన చెప్పినంక అప్పుడు ఉపాయాలు: ఛేంజోవర్‌కు అరగంట ముందే చెప్తే ఎట్లుంటది, నాలుగు లైన్లు ఒకరికొకరు జరుపుకోని పెట్టుకుంటే ఎట్లుంటది, ఆయన వచ్చేముందు మా సీనియర్ ఆపరేటర్ ఒకసారి అద్దం పెట్టి కన్వేయర్ కింద చూస్తే ఆయనకు రెండోసారి రావాల్సిన పని తప్పుతదా. ఎస్ఓపీ, అంటే రాసిపెట్టిన పని పద్ధతి, మార్చాల్సినది ఉంటే మార్చేది మీరిద్దరు కాదు, దానికి ఛేంజ్ కంట్రోల్ అని కంపెనీల ఒప్పించుకునే పద్ధతి ఉంటది, కానీ ఇద్దరు కలిసి అడిగితే మేనేజర్ ఇంటడు, ఒక్కడు అడిగితే కంప్లెయింట్ అనుకుంటడు.

మీటింగ్ మాట ఆ దినం ఎత్తకు. ముందు ఒక పని సక్కగ కానియ్, వారమో పది రోజులో పోనియ్, తర్వాత ఒక్కటే వాక్యంల చెప్పు, "సార్, ఆ దినం మీటింగ్‌ల అన్నది నాకు మనసుకు తగిలింది, తప్పుంటే నన్ను పక్కకు పిలిచి చెప్పుండ్రి, ఎంతైనా ఇంట." ఆయన సారీ చెప్తడా అంటే చెప్పకపోవచ్చు. చెప్పియ్యాలనే పట్టు పట్టకు. నువ్వు చెప్పినవ్, ఆయన ఇన్నడు, ఇంకోసారి నోరు లేసేముందు యాదికొస్తది, గంత చాలు.

మీ దోస్తులు చెప్పే "నడుమల పెద్దమనిషిని పెట్టు" గురించి గూడ అనాలె. మన ఊర్లల్ల అలవాటు అది, గట్టు తగాదకైనా ఆలుమగల లొల్లికైనా పెద్దమనుషుల్ల పెడ్తరు, ఇద్దరి కాడ ధరావతు తీసుకుంటరు, కూసుంటరు, తప్పెవరిదో తేలుస్తరు, తప్పు పైసలు కట్టిస్తరు. ఊర్ల అది నడుస్తది, ఎందుకంటే పంచాయితీ అయినంక ఎవని చెల్క వానిది. ఫ్యాక్టరీల అట్ల కాదు, ఓడిపోయినోడు తెల్లారి నీ లైన్‌కే సంతకం పెట్టాలె. ఓడినోడు సంతకం ఎట్ల పెడ్తడో నీకు చెప్పాల్నా, ప్రతి రూల్ తీసి, ప్రతి మూల గోకి, గంటకు పెడ్తడు, అన్నీ రూల్ ప్రకారమే.

దీని మీద మా ప్లాంట్‌ల ఒక ట్రైనింగ్‌ల విన్నది ఒకటి బాగ యాదున్నది. మేరీ పార్కర్ ఫాలెట్ అని అమెరికాల ఒకామె, 1925 లనే ఈ ముచ్చట చెప్పింది. లైబ్రరీల చిన్న గదిల ఆమె కూసున్నది, ఇంకొకాయన కిటికీ తెరవాలంటడు, ఆమె మూయాలంటది. సగం తెరుద్దాం అంటే ఇద్దరికీ సగం కష్టమే. చివరికి పక్క గదిల, ఎవ్వరు లేనికాడ, కిటికీ తెరిచిండ్రు. ఆయనకు కావాల్సింది ఆ కిటికీ కాదు, గాలి. ఆమెకు వద్దన్నది గాలి కాదు, ఉత్తరపు గాలి తిన్నగ మీద కొట్టుడు. ఒకడు గెలుచుడు, ఇద్దరు సగం సగం ఒదులుకునుడు, ఇట్ల మూడోది ఎతుకుడు, మూడు తొవ్వలు అన్నదామె. మన పంచాయితీలు మొదటి రెంటికాడనే ఆగుతయి. అయితే అన్నిటికీ పక్క గది ఉండదు, ఇది గూడ నిజమే, ట్రైనింగోళ్ళు ఈ మాట చెప్పరు.

వాట్సాప్ గ్రూపుల మాత్రం ఒక్క అక్షరం పెట్టకు. షిఫ్ట్ గ్రూపుల "కొందరి వల్ల లైన్ ఆగింది" అని పేరు లేకుంట పెడ్తరు చూడు, దానికంటే పేరు పెట్టి తిట్టుడు నయం.

మాట్లాడినా మారకుంటే, లేకపోతే లెక్కల నీ లైన్ ఒక్కదాని మీదనే కక్ష కనబడితే, అప్పుడు మేనేజర్. కానీ ఆయనకు తెల్వకుంట కాదు. "సార్, మన ఇద్దరితోటి అయితలేదు, ఇద్దరం కలిసి మీ హెడ్‌కు, మా హెడ్‌కు చెప్దాం" అని ముందు ఆయనకే చెప్పు. రానంటే నువ్వొక్కడివే పో, చెప్పే పోయినవ్ కాబట్టి ఎనక నుంచి పొడిచినట్టు కాదు. మెయిల్‌ల తారీకులు, టైములు రాయి, "అహంకారం", "కావాలని" అనే మాటలు రాయకు.

ఇప్పుడు ఒక హెచ్చరిక, ఈ పోస్టు వేరేటోళ్ళు గూడ చదువుతరు కాబట్టి. పైన చెప్పిన మెత్తతనం అన్నిటికి కాదు. చూడకుంటనే సంతకం పెట్టమనుడు, ఎనక తారీకు ఎయ్యమనుడు, మిషన్ గార్డ్ తీసేసి నడుపమనుడు, ఇయి అభిప్రాయ భేదాలు కావు, ఆడ క్యాంటీన్ చాయ పనికిరాదు, చెయ్యనని చెప్పాలె, రాసివ్వాలె. ఎస్సీ, ఎస్టీలను నలుగురి ముందట కులం పేరుతోటి తిడితే 1989 అట్రాసిటీ చట్టం ఉన్నది. ఆడపిల్లల మీద లైంగిక వేధింపు చేతలైనా మాటలైనా, 2013 చట్టం ప్రకారం 10 మందో అంతకంటే ఎక్కువో పనిచేసే ప్రతికాడ ఇంటర్నల్ కమిటీ ఉండాలె, మూడు నెలల లోపల రాసియ్యాలె, 10 మంది లేని చిన్న జాగలోళ్ళకు జిల్లాల లోకల్ కమిటీ ఉంటది. "ఇద్దరు కూసోని మాట్లాడుకోండ్రి" అని ఆ పిల్లకు ఎవడన్న చెప్తే వాని మాట ఇనొద్దు.

2025 నవంబర్ 21 సంది అమలైన ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్‌ల గూడ, 20 మంది లేదా అంతకంటే ఎక్కువ వర్కర్లున్నకాడ గ్రీవెన్స్ కమిటీ ఉండాలె, యాజమాన్యం దిక్కు, వర్కర్ల దిక్కు సమానంగ మనుషులు, అర్జీ పెడితే 30 రోజులల్ల తేల్చాలె. కానీ నువ్వు సూపర్‌వైజరీ పోస్టుల ఉండి నెలకు 18,000 పైన జీతం తీసుకుంటుంటే ఆ కోడ్ ప్రకారం వర్కర్ లెక్కల రావు, నీ తొవ్వ హెచ్‌ఆర్ పాలసీనే. నీ ఆపరేటర్లకు మాత్రం పనికొస్తది, వాళ్ళకు చెప్పు.

ఇగ మానేసుడు. రాజీనామా మెయిల్ రాసిపెట్టుకున్న అన్నవ్ కదా, ఉండనియ్ డ్రాఫ్ట్‌ల. నేను గూడ ఒకసారి కోపంల మానేసి వేరే ప్లాంట్‌కు పోయిన, ఆడ గూడ కంట్రోల్ రూం ఉన్నది, ల్యాబ్ ఉన్నది, రాత్రి రెండు గంటలకు ఫోన్ ఉన్నది. నువ్వు ఏ ఫార్మాకు పోయినా ప్యాకింగ్ లైన్ ఉంటది, క్లియరెన్స్‌కు వచ్చేటోడు ఒకడుంటడు. జీతం కోసమో, ఇంటికి దగ్గరనో పోతే పో, అది వేరే. వచ్చే వారం నీది ఏ షిఫ్ట్, ఆ సార్‌ది ఏ షిఫ్ట్, ఇద్దరికి కలిసే దినం ఏదన్న ఉన్నదా చూసి రాయి, ఆయనకు పంపే మెసేజ్ ముందు ఈడ పెట్టు, నేను చూసి చెప్త.